పాలికి, పాలకు

పేద కుటుంబాల జాబితా కోసం తయారు చేసిన పత్రంలో పశువుల గురించి రెండు ప్రశ్నలు పెట్టాను. ఇంట్లో పశువు ఉందా అన్నది మొదటిది. ఉంటే ఎందుకు అన్నది రెండోది. రెండోదానికి మూడు జవాబులు ఇచ్చాను: దుక్కికి, పాలకు, మాంసానికి. ‘పాలకు’ అన్న గడి నొక్కితే ఆ కుటుంబానికి పాడి ఉన్నట్టు నమోదవుతుంది. ఆవును ఇచ్చే పథకం నుంచి ఆ కుటుంబం పేరు దానంతటదే తొలగిపోతుంది. ఆవు లేనివాళ్లకే ఆవు అన్నది నియమం. తర్కంలో నాకు లోపం కనిపించలేదు.

ఇలాంటి పత్రాలు నింపడం, వచ్చిన వివరాలను చదవడం జిల్లా, మండల సిబ్బందికి నేర్పడం నా ఉద్యోగం. తిరుపతిలో శిక్షణకు ముందు ఒక నమూనా అవసరమైంది. కాణిపాకం దారిలోని ఒక పల్లెకు వెళ్లి, ఒక ఇంటి వివరాలు నేనే ట్యాబులో ఎక్కించాను. రేకుల ఇల్లు, ఒంటరి మహిళ, గుంజకు కట్టిన నల్లావు. ఆవు ఎందుకని అడిగితే ఆమె ఒక్క మాట చెప్పింది. నేను గడి నొక్కాను. శిక్షణలో ఆ పత్రాన్నే తెరమీద వేసి, ఎక్కడా ఖాళీ లేని పత్రం ఇలా ఉంటుందని చూపించాను.

జాబితాను గ్రామ సచివాలయం గోడకు అంటించి, అభ్యంతరాలకు వారం గడువు ఇచ్చారు. నాలుగో రోజు ఉదయం ఆ ఊరి మహిళా సంఘాల పనులు చూసే యానిమేటర్ ఫోన్ చేసింది.

“సార్, మీరొచ్చి రాసుకొని పోయిన అక్క పేరే లిస్టులో ల్యా. ఊర్లో నవ్వతా ఉండారు, సారు చెయ్యి పడితే ఇంతేనా అని.”

వెంటనే బయలుదేరాను. యానిమేటర్‌ను వెంటబెట్టుకొని వెళ్లేసరికి ఆ ఒంటరి మహిళ కొట్టంలో పేడ ఎత్తుతోంది.

“ఆ పొద్దు సారుకి ఏమని చెప్తివక్కా?” అని యానిమేటర్ అడిగింది.

“పాలికి అని చెప్పినాను గదమ్మా.”

“ఇనపడిందా సార్? పాలకి కాదు, పాలికి. ఆవు పక్కూరి రైతుది. ఈమె మేపేది. మొదటి దూడ ఆయనకి, రెండోది ఈమెకి.”

“ఇంగా మొదటిదే ఈన్లేదు. చుక్క పాలు ల్యా,” అని ఆమె చేర్చింది.

పాలు అంటే వాటా కూడా అని నాకు తెలుసు. నేను పెరిగిన సూళ్లూరుపేటలో ఆ మాట ఎవరి నోటా వినలేదు, అంతే. రెండు మాటలకూ తేడా లకారం మీది గుడి ఒక్కటే.

సవరించాలంటే ట్యాబు కారణం అడుగుతుంది. అందులో ఉన్నవి రెండే: పశువు చనిపోయింది, అమ్మేశారు. ‘నమోదులో పొరపాటు’ అన్నది నేను పెట్టలేదు.

“అమ్మేసిందని కొట్టేయండి సార్, పనైపోతాది,” అంది యానిమేటర్.

ఆవు మేపే ఆమె పేడ గంప కింద పెట్టేసింది. “ఏందమ్మో, ఒకరి ఆవును నేను అమ్మినానా? ఆయన చెవిన పడితే ఈ పొద్దే వచ్చి తోలుకొని పోతాడు. దూడా పాయె, మాటా పాయె.”

“అయితే సచ్చిందని రాస్తామా?”

“నీ నోట్లో మన్ను పడ!”

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను ట్యాబు మూసేశాను. నా నమూనా చూసి నేర్చుకున్నవాళ్లు ఇంకెన్ని ఇళ్లలో అదే గడి నొక్కారో తెలుసుకునే మార్గం పత్రంలో లేదు.

ఆ సాయంత్రమే చిత్తూరులో పథకం చూసే అధికారిని కలిశాను. తప్పు నాదేనని, ‘పాలకు’ అని నమోదైన ప్రతి ఇంటికీ సిబ్బంది మళ్లీ వెళ్లాలని రాసి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు.

“మూడు రోజులే ఉండాది అప్పా. మళ్లీ ఊర్లమీదికి తోలితే వాళ్లు తిట్టేది నన్ను, నిన్ను కాదు.” కాసేపటికి, “సరే, ఈ తూరి ఏమని అడగమంటావు?” అన్నారు.

ఆవు ఎవరిదని అడిగిస్తానన్నాను. బయటికి వచ్చి యానిమేటర్‌కు ఫోన్ చేసి అదే చెప్తే, ఆమె ఒప్పుకోలేదు.

“ఎవురిదంటే మాదే అంటారు సార్. పొద్దస్తమానం సాకేది వాళ్లే గదా. దూడ ఎవురికి అని అడగండి.”

అదే అడిగించాం. కారణాల్లో ‘నమోదులో పొరపాటు’ కూడా చేర్చాను. ఆఖరి రోజు మధ్యాహ్నం నల్లావు మేపే ఆమె పేరు, ఆమెతోపాటు మరికొందరి పేర్లు జాబితాలోకి వచ్చాయి. ఆ సంగతి నేనే వెళ్లి చెప్పాను.

“మంచిది సార్,” అంది. తరువాత గుంజవైపు చూసి, “రెండిటికీ మేత యాడ తెచ్చేది?” అంది.

పథకం అమలును గమనించడానికి చేసిన పత్రంలో ఆవు అందిందా, బతికి ఉందా అన్న ప్రశ్నలే ఉన్నాయి. మేత గురించి ఏమని అడిగితే సరైన జవాబు వస్తుందని ఆమెనే అడిగాను.

“అడిగేదేముండాది సార్? ఎండల్లో ఒకతూరి వచ్చి సూడండి.”

మా తనిఖీ తేదీలన్నీ వానలు పడ్డాక వచ్చేవే. వాటికి ముందు ఎండాకాలంలో ఒకటి చేర్చాను.