మా ఇంటి నంబరు మీద మచ్చ

నేను ఎవరికీ ఒక్క రూపాయి బాకీ లేను. అయినా నా మనవరాలి చదువుకు అప్పు ఇచ్చేది లేదని బ్యాంకు చెప్పింది. తప్పు మాది కాదట, మా ఇంటిదట.

చందానగర్‌లో ఆ ఇల్లు నేను కట్టుకున్నది. బడి ముఖం చూడనివాణ్ణి. తాపీ పని చేస్తూ సిమెంటు సంచుల మీది అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేచే రోజుల్లో వాటి పునాదుల్లో చేసిన కూలితో కింది అంతస్తు వేశాను, కిరాయిలతో పైది. పై గదుల్లో ఎప్పుడూ ఆ మేడల్లో ఉద్యోగాలు చేసే పిల్లలే.

దిగిన వారానికే వాళ్లు అడిగేది కరెంటు బిల్లు జిరాక్సు. ఫోను కిస్తీల మీద కొనాలన్నా, బండి కొనాలన్నా, ఇక్కడే ఉంటున్నారని చూపడానికి అది కావాలి. మా గల్లీలో ఓనర్లమంతా ఇచ్చేవాళ్లం. నేనైతే పదేసి కాపీలు తీయించి, సంతకాలు చేసి, మెట్ల పక్కన మేకుకు గుచ్చి ఉంచేవాణ్ణి. నా సంతకానికి అంత గిరాకీ ఉండటం, నిజం చెప్పాలంటే, గర్వంగా ఉండేది.

ఒక ఏడాదైతే వాళ్లు కిస్తీల మీద కొన్న సామాన్లతో మా గేటు ముందు అట్టపెట్టె దిగని రోజు లేదు. గోదావరి వైపు అబ్బాయి ఒకడు ట్రెడ్‌మిల్ తెప్పించాడు. అది తలుపులో పట్టక వరండాలోనే ఉండిపోయింది.

"గింత పెద్ద రోడ్డుండంగ దీని మీద నడుసుడేంది బాబూ?" అన్నాను.

"రోడ్డుకి ఈఎంఐ ఆఫర్ లేదండి బాబాయి గారూ," అని నవ్వాడు.

తర్వాత కంపెనీల్లో మనుషుల్ని తీసేయడం మొదలైంది. రెండు నెలల్లో నాలుగు గదులు ఖాళీ. ఆ అబ్బాయి అడ్వాన్సు కూడా అడగకుండా వెళ్లిపోయాడు. అతని కోసం వచ్చిన వసూలు మనుషులు మా గేటు ఫోటో తీసుకుపోయారు. అదెందుకో నేను అడగలేదు.

క్యాబ్ నడిపే నా కొడుకుకూ బేరాలు పడిపోయాయి. సరిగ్గా అప్పుడే మనవరాలికి బాచుపల్లిలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఫీజు కట్టడానికి మూడు వారాలే గడువు.

బ్యాంకులో అమ్మాయి కంప్యూటర్లో మా ఇంటి నంబరు కొట్టి చూసింది. "సారీ అంకుల్, మీ అడ్రస్ నెగెటివ్ లిస్టులో ఉంది. ఆ అడ్రస్ మీద లోన్ తీసుకుని ముగ్గురు కట్టలేదు."

"కట్టనోళ్లు పోయిండ్రు కదమ్మా. ఇల్లేం జేసింది?"

"సిస్టం అట్లనే చూపిస్తది అంకుల్, నా చేతుల లేదు."

"ఆ సిస్టం ఎక్కడ కూసుంటదో చెప్పు, నేనే పోయి మాట్లాడుత."

వెనక వరుసలో ఎవరో నవ్వారు. మనవరాలు నా చొక్కా పట్టి లాగింది.

నా చేతిరాతతో ఎనిమిది పేజీలు రాసి వాళ్ల పెద్దాఫీసుకు పంపాను. ముగ్గురి తప్పు గోడలకు ఎట్లా అంటుకుంటుందని అడిగాను. కింద మనవరాలి ఫోను నంబరు వేశాను. తను రోజూ పొద్దున్నే ఫోను తెరిచి చూసి, బోర్లా పెట్టేసేది.

గడువుకు రెండు రోజుల ముందు మనవరాలి ఫోనుకు జవాబు వచ్చింది. తనే చదివి వినిపించింది.

"మీ చిరునామాపై ఉన్న గుర్తును తొలగించుటకు వీలుపడదు. మీరు ఇల్లు మారిన పిమ్మట, కొత్త చిరునామాతో తిరిగి దరఖాస్తు చేసుకొనగలరు."