ముద్ర తీయకూడని గ్లౌజుల పెట్టె

1988 ఫిబ్రవరిలో జహీరాబాద్‌లో, బొంబాయి రోడ్డు పక్కనున్న ఒక చిన్న దవాఖానలో, మూడు రోజుల హెచ్.ఐ.వి. శిక్షణకు నన్ను ఇంగ్లీషు పాఠాలకు అనువాదం చెప్పే పని మీద వేశారు. నా అసలు ఉద్యోగం హెల్త్ ఎడ్యుకేటర్. అంటే ఊళ్ళు తిరిగి నీళ్ళు కాచి తాగమని చెప్పడం, విన్నవాళ్ళు తలూపితే మారిపోయారని రిపోర్టు రాయడం. నాలుగేళ్ళు చేసి మానేశాను. ఇలాంటి జ్ఞాపకాలు పింఛను తీసుకునేవాళ్ళు రాయాలట. నాకు పింఛను లేదు, ఇప్పుడు రెండేళ్ళు నిండిన కొడుకున్నాడు.

శిక్షణ విదేశీ సాయంతో జరిగింది. ఝరాసంగం, రాయికోడ్, మొగుడంపల్లి వైపు ఊళ్ళలో కాన్పులూ టీకాలూ చూసే నర్సులు ముప్పై మంది వచ్చారు. ఒక్కొక్కరికి ఒక సంచీ ఇచ్చారు. గోడ మీది చార్టుల్లో ఉన్న మనుషులు మాలో ఎవరి చుట్టాల్లాగానూ లేరు. అన్నిటికన్నా విలువైనది, ఒక పెట్టె నిండా కొత్త గ్లౌజులు.

ఆ పెట్టె తెరవకూడదు. మూడో రోజు సాయమిచ్చిన దేశపు దొరగారు వచ్చి, దాన్ని మా చేతుల్లో పెడుతూ ఫోటో దిగాలి. హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రాజెక్టు ఆఫీసర్ దాని మీది లక్క ముద్రను పొద్దునా సాయంత్రం వచ్చి చూసుకునేవారు. రోగిని అంత శ్రద్ధగా చూసిన డాక్టరును నేనెరగను. దవాఖానకు అంతకు ముందు రెండు జతల రబ్బరు గ్లౌజులుండేవి. వాడాక కడిగి, మరిగించి, పెరట్లో తాడు మీద ఆరేసి, పౌడరు జల్లి, చిరిగితే అతుకేసి మళ్ళీ వాడేవాళ్ళు. ఆ అతుకులు దొరగారి కంట పడితే పరువు పోతుందని ఆఫీసర్ మొదటి రోజే వాటిని పారేయించారు. ఆ విధంగా గ్లౌజుల వాడకం మీద శిక్షణ, గ్లౌజన్నదే లేని దవాఖానలో మొదలైంది. ఆయన గాలిలో తొడిగి చూపించారు. మేమూ గాలిలోనే తొడుక్కున్నాం, గాలిలోనే విప్పి చెత్తబుట్టలో వేశాం. అందరం చక్కగా చేశామన్నారు.

రెండో రోజు పాఠం చిన్నది. ముట్టుకుంటే ఈ జబ్బు అంటదు. రోగి రక్తం మన గాయానికి తగిలితే అంటవచ్చు. దీన్ని నేను మూడుసార్లు తెలుగులో చెప్పాను. ఆ తర్వాతి చార్టులో ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్ళ జాబితా వచ్చింది. లారీ డ్రైవర్లు పై వరుసలోనే ఉన్నారు.

భోజనాలకు ముందు గేటు దగ్గర లారీ ఆగింది. బొంబాయి నంబరు ప్లేటు. డ్రైవరు రాయికోడ్ వైపు మనిషి, బక్కగా ఉన్నాడు, దగ్గుతున్నాడు. నొప్పులు పడుతున్న భార్యను చేతుల మీద దించాడు. తొలి కాన్పు. రక్తపరీక్ష అవసరం లేకుండా, నంబరు ప్లేటు చూసి ఇద్దరికీ రోగ నిర్ధారణ చేసేశాం. శిక్షణ అంత బాగా ఒంటబట్టింది.

"జర చూడున్రి అక్కా, నీళ్ళు పోయినయి" అన్నాడు డ్రైవరు, ముందు నిలబడ్డ పెద్ద నర్సుతో.

"సంగారెడ్డికి తీస్కపోరాదు?"

"గంట పైన పడ్తది. అప్పటిదాంక ఆగుతదా?"

"గది నన్నడుగుతవేంది" అంది ఆమె, కొంగు సర్దుకుంటూ.

డాక్టరు గారు దొరగారి ఏర్పాట్ల మీద సంగారెడ్డిలోనే ఉన్నారు. ఈరోజు కార్యక్రమంలో కాన్పు లేదని ఆఫీసర్ గుర్తుచేశారు. ముట్టుకుంటే అంటదని పొద్దుట మూడుసార్లు చెప్పిన నేను, చేతులు వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకున్నాను. అప్పటికి ఇంట్లో నా కొడుకు ఏడు నెలలవాడు, ఇంకా నా పాలే తాగుతున్నాడు.

పెరట్లో మా భోజనాలకు ఉల్లిగడ్డలు కోస్తున్న ఆయా మొగులమ్మ లేచి వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా కాన్పులు చేయించిన మనిషే అయినా, ఆయాలు ఆరోగ్య కార్యకర్తల కిందికి రారు కాబట్టి ఆమె పేరు జాబితాలో లేదు.

"రెండ్దినాల సంది సదువుతున్రు గదా," అంది మమ్మల్నందర్నీ చూసి. "పిల్ల ఎట్ల పుడ్తదో మర్సిపోయిన్రా?"

ఆమె డ్రైవరు భార్య భుజం పట్టుకుని లోపలికి నడిపించింది. అప్పుడు చూశాను, మొగులమ్మ చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. పొద్దున ఉల్లిగడ్డలు కోస్తూ తెగింది. గుడ్డ ఇంకా ఎర్రగా తడిగా ఉంది. రెండు రోజుల పాఠం మొత్తం ఆ వేలి మీద ఉంది.

పెట్టె తెరవమని ఆఫీసర్‌ను అడిగాను. రేపు ఫోటో అయ్యాక ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండన్నారు. ఉల్లిగడ్డల కత్తి తెచ్చి ముద్ర కోశాను. ఇది మీ సర్వీసు రిజిస్టరులో పడుతుందని ఆయన హెచ్చరించారు, కానీ చెయ్యి పట్టుకుని ఆపలేదు. జబ్బు మనిషి దగ్గరికి వెళ్ళబోయే నన్ను ముట్టుకుంటే తనకూ అంటుతుందేమోనని కాబోలు.

మొగులమ్మ గాయాన్ని కడిగి, పీలిక మార్చి, గ్లౌజులు నేనే తొడిగాను. రెండో జత నేను వేసుకుని పక్కన నిలబడ్డాను.

"మీకు గాలిల తొడుగుడే వస్తదనుకున్న, మేడం" అందామె.

ఆడపిల్ల పుట్టింది, వెంటనే ఏడ్చింది. భోజనాలు ఆలస్యమయ్యాయని ముప్పై మందీ నొచ్చుకున్నారు. మొగులమ్మ రెండు జతల గ్లౌజులూ కడిగి, మరిగించి, అలవాటు కొద్దీ తాడు మీద ఆరేసింది. వాడి పారేయాలని ఆమెకెవరూ చెప్పలేదు, శిక్షణ పొందలేదు కదా.

మర్నాడు, కోసిన చోట ప్లాస్టరు అంటించిన పెట్టెను దొరగారు మాకు అందించారు. ఆ ఫోటోలో ఆయన భుజం వెనక నాలుగు గ్లౌజులు గాలికి ఊగుతుంటాయి. అవేమిటని ఆయన అడిగితే, శిక్షణలో అభ్యాసం చేసినవని ఆఫీసర్ చెప్పారు. దొరగారు సంతోషించి పుస్తకంలో రాసుకున్నారు. అందరికీ సర్టిఫికెట్లు, నాకు మెమో వచ్చాయి. అనుమతి లేకుండా పెట్టె ఎందుకు తెరిచారని. ఫోటో కన్నా కాన్పు ముందు వచ్చినందువల్ల అని జవాబు రాశాను.

ఆ తల్లికి జబ్బు ఉందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. అది తెలియకపోయినా పని చేయగలగడమే అసలు పాఠం. ముట్టుకుంటే అంటదని మూడుసార్లు చెప్పి కూడా నేను నమ్మలేదు. గ్లౌజు చేతికి అందాకే నమ్మాను, అదీ సగమే. ఆ సాయంత్రం కొడుకును ఎత్తుకునే ముందు మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాను. మా చార్టు ప్రకారం ఒక్కసారి చాలు.