బొమ్మ కింది తెల్ల అంచు

ముందే చెప్పేస్తున్నాను: నా మాటల్లో సగం తీసేసి చదవండి. మా ఇంట్లోవాళ్లు ముప్పావు తీసేస్తారు.

బొమ్మ అరచేయంత కూడా లేదు. గొర్రెపిల్లను భుజాన వేసుకున్న యేసు. మా పెద్దమ్మ బైబిల్లో ఎన్నేళ్లు నలిగిందంటే గొర్రెపిల్లకు ముసలితనం వచ్చేసింది. కరువులో మెదక్ చర్చి కడుతుంటే రాళ్లు మోసిన తన నాయనమ్మకు మిషన్ తెల్ల దొరసాని ఇచ్చిందని పెద్దమ్మ నమ్మకం. ఆ నాయనమ్మది ఫొటో కూడా లేదు, మిగిలింది ఈ బొమ్మే. చర్చిలో పాత వస్తువులు ప్రదర్శనకు పెడతామన్నారు.

"కింద రెండు ముక్కలు రాయి బిడ్డా, గా కాలంది అని," అంది పెద్దమ్మ.

వాచీలు బాగుచేసే ఆయన దగ్గర్నుంచి భూతద్దం తెచ్చి మూడు రోజులు కన్ను తీయలేదు. రాతిపలకతో వేసిన పాతకాలపు అచ్చయితే రంగు చుక్కలు చల్లిన వడ్లలా చిందరవందరగా ఉండాలి. ఇవేమో హవేలిఘనపూర్ పొలాల్లో మెషిన్ నాటిన నారులా వరసలు కట్టాయి. కానీ అలాంటి అచ్చు ఆ రోజుల్లోనే మొదలైంది, కాబట్టి చుక్కలతో తేలదు. తేల్చాల్సింది కింది తెల్ల అంచులో చీమతలంత అక్షరాల్లో ఉన్న అచ్చువాళ్ల చిరునామా. పైనుంచి వరసగా చూసుకుంటూ నేను యేసు ముఖం దాటి గొర్రె దాకా వచ్చేలోపే పెద్దమ్మ బొమ్మను ఫ్రేము దుకాణంలో ఇచ్చేసింది.

పరుగెత్తాను. బొమ్మ అద్దం వెనక ఉంది, అంచు లేదు.

"అంచేది భాయ్?"

"కోసిన సార్. ఫ్రేముల సక్కగ కూసోవాలె గద."

"దాని మీద అక్షరాలుండె."

"దేవునికైతే ఏం గాలే. జర చూడుండ్రి, గొర్రెకు గూడ ఏం గాలే."

మూలనున్న గోనెసంచిలో సకల మతాల దేవుళ్ల అంచులూ కలిసిమెలిసి ఉన్నాయి. రెండు యుగాలు వెతికాను. దొరకలేదు. ఆయన చాయ్ తెప్పిస్తే కోపంగానే తాగాను.

ఇంటికొచ్చి "కాలం తెలియదు" అని రాశాను. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుంది.

"ఎవలకు తెల్వదు?"

"ఎవలకూ తెల్వదు పెద్దమ్మా. అంచు పోయింది."

"గట్లయితె నీకు తెల్వదని రాయి. నాకు తెలుసు గద."

అలాగే రాయించింది. ప్రదర్శనలో నా అజ్ఞానం నా పేరుతో సహా వేలాడింది.

మిగతాదంతా పెంచానేమో గానీ, అల్లింది ఒక్కటే: అంచు దొరకలేదన్నది. దొరికింది. అచ్చువాళ్ల చిరునామా చివర ఆరంకెల పిన్‌కోడు కూడా ఉంది. చర్చి కట్టిన కరువులో పిన్‌కోడ్లెక్కడివి? మడిచి సంచి అడుక్కి తోసేశాను. ఆ భాయ్ మీద కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు. కోసినవాడు అప్పుడే ఊడ్చి పారేస్తే ఏం పోయేది?