కాగితం మీది కొడుకు

అది 1994 వేసవి. చంద్రపూర్‌లోని ఒక రెవెన్యూ కచేరీలో నేను గుమస్తాగా చేరి అప్పటికి మూడేళ్లు. నిరాధారులైన వృద్ధుల దరఖాస్తులు నా బల్ల మీదికే వచ్చేవి. కొందరు నెలవారీ సాయం కోరేవారు. మంచం దిగలేనివారు ప్రభుత్వ గ్రాంటుతో నడిచే వృద్ధాశ్రమంలో చోటు కోరేవారు. అక్కడ అన్నం తినిపించి, ఒళ్లు తుడిచి, వేళకు మందులిచ్చే మనుషులుండేవారు. ఖాళీలు మాత్రం ఏడాదికి ఒకటో రెండో.

అర్హతకు రెండు విషయాలు రుజువు కావాలి. ఆదాయం నిర్ణీత పరిమితికి లోపలే ఉందని చెప్పే ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఒకటి. అక్కడి మరాఠీవారు దాన్ని ‘ఉత్పన్న దాఖలా’ అంటారు. పోషించగల కొడుకు లేడని తలాఠీ, అంటే గ్రామ రెవెన్యూ ఉద్యోగి, విచారించి రాసే ఎంక్వయిరీ రిపోర్టు రెండవది.

మా నాన్న బొగ్గుగనిలో లోడర్. మా వంశంలో డిగ్రీ చదివినవాణ్ని నేనొక్కణ్నే. నా ఫైలులో లోపముందని ఎవరూ వేలెత్తి చూపకూడదన్న పట్టుదల నాకుండేది.

గట్టయ్య దరఖాస్తును నా దగ్గరికి తెచ్చినామె పేరు పోశవ్వ. బజారులో కూరగాయలమ్మేది. గట్టయ్య ఆమె పొరుగువాడు. ఒకప్పుడు గనిలో పనిచేశాడు. భార్య పోయింది. పక్షవాతం వచ్చి కుడిపక్క మొత్తం పడిపోయింది. రెండేళ్లుగా ఆమే చూస్తోంది.

“మా కులపోడు గాదు, సుట్టం గాదు సారూ. గోడ అవతల మూల్గుతుంటే ఇనుకుంట ఊకుంటనా? గాని నా నడుం ఇరిగింది. లేపి కూసోవెట్టనీకె శాతనైతలేదు. ఆడ చోటు దొరికితె నీ పేరు జెప్పుకుంట.”

“కాయిదాలన్నీ మంచిగనే ఉన్నయి పోశక్కా. అయితది,” అన్నాను.

తలాఠీ రిపోర్టు అనుకూలంగానే వచ్చింది: ఆదాయం లేదు, సంతానం లేదు. ఇక తహసీల్దారు సంతకమే మిగిలింది. అయితే దరఖాస్తులోని ‘గని మాజీ కార్మికుడు’ అన్న మాట దగ్గర నా కలం ఆగింది. గని నుంచి ఇతనికేమైనా వస్తోందా? నియమాలు ఆ విచారణ కోరలేదు. ఫైలు సంపూర్ణంగా ఉండాలని నా అంతట నేనే గని కార్యాలయానికి ఉత్తరం రాశాను.

మూడు వారాలకు జవాబు వచ్చింది. గట్టయ్య మెడికల్లీ అన్‌ఫిట్, అంటే ఆరోగ్యరీత్యా పనికి తగడని తేలి, ముందుగానే విరమించాడట. డిపెండెంటుగా, అంటే అతనిపై ఆధారపడిన కుటుంబ సభ్యుడిగా, కొడుకు సమ్మయ్యకు ఆ ఉద్యోగం దక్కిందట. జవాబు మీద అప్పటికే, వచ్చిన ఉత్తరాలు నమోదుచేసే ఇన్‌వర్డ్ రిజిస్టరు నంబరు పడింది. నంబరు పడిన కాగితాన్ని లేనట్టు చేయడం నాకు చేతకాదు.

మరునాడు పద్మాపూర్ దారిలో ఉన్న వాళ్ల బస్తీకి వెళ్లాను. గట్టయ్య నులకమంచం మీద ఉన్నాడు.

“పెద్దయ్యా, నీకు కొడుకున్నడా?”

సగమే కదిలే పెదవితో నవ్వాడు. “కాయిదం మీద ఉన్నడు.”

మిగతాది పోశవ్వ చెప్పింది. గట్టయ్య భార్యను నాగపూర్ దవాఖానలో చేర్చినప్పుడు ఆ ఖర్చు సమ్మయ్య తండ్రి భరించాడు. రెండు కుటుంబాలదీ తెలంగాణలో ఒకే ఊరు. బదులుగా గట్టయ్య సమ్మయ్యను తన కొడుకుగా రాయించి, ఉద్యోగం వదులుకున్నాడు. భార్య మాత్రం దక్కలేదు.

“గిట్ల జేసినోల్లు ఇంక ఉన్నరు. నీకెరుక లేదా?” అని పోశవ్వ నన్ను నిలదీసింది. “గనోల్ల ఇంట్లనే పుట్టినవు గదా!”

నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఉత్తరం రాసేటప్పుడు ఆలోచనకే రాలేదు.

సమ్మయ్య తన కొడుకు కాడని అఫిడవిట్, అంటే ప్రమాణపత్రం, ఇస్తే దరఖాస్తు నిలుస్తుందని గట్టయ్యకు వివరించాను.

“మరి ఆని నౌకరి?”

“పోతది. కేసు గూడ అయితది. ఇద్దరి మీద.”

“నాకు జైలైతె మంచిదేనాయె. ఆడ గూడ అన్నం పెడ్తరు,” అన్నాడు. పోశవ్వ నవ్వలేదు. గట్టయ్య మళ్లీ అందుకున్నాడు. “ఆనికి ఇద్దరాడపిల్లలు బిడ్డా. నా మంచం కోసం ఆల్ల నోటికాడి కూడు గుంజుమంటవా?”

ఆ వారంలోనే సమ్మయ్యను కచేరీకి పిలిపించాను. కుర్చీ చూపినా కూర్చోలేదు.

“సార్, మా కన్న బాపు మా ఇంట్లనే ఉన్నడు. మీకు దెలుసు గదా.”

“అయితె గట్టయ్య నీ బాపు కాడని రాసియ్యి.”

“రాస్తె నేను బతుకుతనా?”

“అయితె తీస్కపొయ్యి సాదు.”

“మా బాపు గడప తొక్కనియ్యడు సార్. ఆ ముసలాయనతోని మన లెక్క అప్పుడే తెగింది అంటడు.”

చివరకు తానే కాగితం అడిగి కచేరీ భాష మరాఠీలో రాశాడు: గట్టయ్య నా తండ్రి, ఆయన పోషణ నేనే చూస్తున్నాను. కింద సంతకం చేశాడు. ఉద్యోగం నిలబెట్టుకోవడానికి అతనికి కనిపించిన దారి అదొక్కటే. అడిగితే గట్టయ్య కూడా అవునని వేలిముద్ర వేశాడు.

తహసీల్దారు గారికి నిజం నోటిమాటగా చెప్పాను. “ఫైల్లో ఉన్నదాన్ని బట్టే రాయండి,” అన్నారు. ఆయన అన్నది తప్పు కాదు. ‘సంపాదనపరుడైన కొడుకు పోషిస్తున్నందున అనర్హుడు’ అని నేనే రాశాను. ఒక్క కొట్టివేత లేకుండా రాశాను.

నకలు తీసుకోవడానికి వచ్చిన పోశవ్వ ఏడవలేదు. “సదువుకున్న మనోడివని నీ కాడికి దెచ్చిన సారూ. ఆ తలాఠీ నయం, ఏం అడగకుంట ముద్ర గుద్దిండు,” అని, కాగితం మడిచి ఖాళీ గంపలో వేసుకుని వెళ్లిపోయింది.

ఆ వానాకాలంలోనే వీపంతా పుండ్లు పడి గట్టయ్య చనిపోయాడు. తండ్రి పోతే సెలవు పెట్టలేదేమని గనిలో అడుగుతారు కనుక సమ్మయ్య వచ్చాడు. గుండు చేయించుకుని తలకొరివి పెట్టాడు. “కన్న బాపు బతికుండంగ గుండు గొరిగించుకున్నడు,” అని పోశవ్వే బజారులో చెప్పింది. ఆ కన్నతండ్రి చాలాకాలం కొడుకుతో మాట్లాడలేదట.

ఆ తరువాత చాలా ఏళ్లు అదే పని చేశాను. నియమం కోరని వివరం ఎక్కడైనా అడగాలనిపిస్తే, ముందు దరఖాస్తుదారు ఇంటికే వెళ్లేవాణ్ని. అడిగితే మీకేమవుతుందో చెప్పమనేవాణ్ని. కొందరు వద్దన్నారు, నేను అడగలేదు. ఇది సక్రమమైన పద్ధతి అని ఏ అధికారి ముందూ వాదించలేను. గట్టయ్య గుడిసె మా కచేరీకి సైకిలు మీద పావుగంట. ఆ రోజు నాకు ఆ దూరం కంటే గనికి ఉత్తరం రాయడమే దగ్గరనిపించింది.