ప్రహరీ మీదుగా వచ్చిన బిళ్ళలు

మా వీధిలో పెరుగు తోడుకీ కరివేపాకుకీ ఎవరూ కొట్టుకి వెళ్ళరు, ప్రహరీ గోడ మీదుగా అడుగుతారు. నొప్పి బిళ్ళలదీ అదే దారి. డాక్టరు రాసినవి మిగిలితే పారేయడానికి చేతులు రావు, పక్కింటి వాళ్ళ నడుముకి పనికొస్తాయని దాస్తారు. నకరికల్లు పక్కన మిరప చేలు చేసుకునే ఊరు మాది. నడుము నొప్పి లేని ఇల్లు లేదు.

నేను ట్రాక్టరు ట్రక్కు మీద నుంచి పడి వెన్నుపూస చిట్లినప్పుడు నరసరావుపేట డాక్టరు గట్టి మందు రాశారు. నల్లమందు జాతిదట, కొద్ది రోజులే వాడమన్నారు. ఎముక అతుక్కుంది గానీ నొప్పి పోలేదు. డాక్టరు ఇచ్చినవి అయిపోయాక, మోకాళ్ళకి అవే బిళ్ళలు వాడే పక్కింటి వదిన గోడ మీదుగా ఆదుకుంది. ఒకటి సరిపోయే చోట రెండు కావాల్సొచ్చింది. పొద్దెక్కేదాకా మత్తు, తిండి సయించదు. అన్నిటికంటే నా కడుపు మండింది మాత్రం మిరపకాయల తొడిమలు తీసే రోజుల్లో. ఆడవాళ్ళంతా వదిన వాకిట్లో నేల మీద కూర్చుని ఊరందరినీ ఉతికి ఆరేస్తుంటే, నేను మంచం మీద నుంచి ఆ నవ్వులు వినాలి. మళ్ళీ అక్కడ కూర్చోవాలన్నదే నా కోరిక.

మా అక్క కూతురు హైదరాబాదులో మెదడు మీద పరిశోధన చేస్తుంది. తన పనంతా మానని నొప్పుల గురించే. మొన్న వేసవిలో వచ్చి నా బిళ్ళల డబ్బా చూసి ముఖం మాడ్చుకుంది.

"పిన్నీ, నీ ఎముక ఎప్పుడో మానింది. చేలో మోటారు ఆగితే మనకి ఫోన్ కొట్టే సెల్ స్టార్టరు పాడైతే ఏం చేసిద్ది? మోటారు బాగా ఆడతా ఉన్నా ఆగిందని ఫోన్ కొడతానే ఉంటది. నీ మెదడూ అంతే."

"అంటే నాది దొంగ నొప్పంటావా?" అని లేచాను.

"ఫోను నిజంగానే మోగిద్ది కదా! నొప్పీ నిజమే. కాకపోతే ఈ బిళ్ళ ఏళ్ళ తరబడి మింగితే ఒంటికి అలవాటైపోద్ది. కొందరికి నొప్పిని ఇంకా పెంచుద్ది కూడా. అట్టాగని ఒక్కసారే ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. ఒళ్ళు కదిలించాలి, పదిమందిలో ఉండాలి."

వదిన గోడ అవతల బట్టలు ఆరేస్తూ అంతా వింది. ఆరేసిన చీరనే మళ్ళీ ఆరేస్తుంటే నాకు నవ్వొచ్చింది.

డాక్టరు చెప్పిన ప్రకారం తగ్గిస్తూ వచ్చాను. చెమటలు, ఆవులింతలు, కనిపించిన ప్రతి మనిషి మీదా చిరాకు. కాయలు ఇళ్ళకొచ్చిన రోజుల్లో ఒక పొద్దున ఇక నా వల్ల కాక గోడ దగ్గరికి నడిచాను.

"ఒక్క బిళ్ళ ఇయ్యి వదినా."

"ఇయ్యను."

"నువ్వు కాకపోతే చివరింటి అత్త ఇచ్చిద్ది."

"ఏమే, ఆమె కూడా ఇయ్యదు. నీకు బిళ్ళ ఇచ్చినోళ్ళు నాతో మాట్టాడొద్దని ఇంటింటికీ చెప్పి వచ్చా. వచ్చి కూర్చో, కాయలు చానా ఉన్నాయి."

నా సంగతి వీధంతా చాటిందని ఒళ్ళు మండింది. తిట్టుకుంటూనే వెళ్ళాను. అక్కడ గోడకి ఆనుకుని కూర్చునేందుకు వీలుగా గోనె సంచులు మడతలేసి మెత్తగా పరిచి ఉన్నాయి. అవి నాకోసమేనని తెలిసి తిట్లు ఆపి వాటి మీద కూర్చున్నాను.

ఘాటుకి తుమ్ముతూ తొడిమలు తీశాను. ఎదురుగా ఒకావిడ కొత్త అల్లుడి గొప్పలు మొదలుపెడితే నేనూ నాలుగు మాటలు కలిపాను. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వుల్లో నా గొంతు నాకే వినిపించి ఎంత సంతోషం వేసిందో! అన్నాలకి లేవబోతూ వదిన అడిగింది.

"నొప్పెట్టుందే?"

నడుం తడిమి చూసుకున్నాను. ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. వదిన అడిగేదాకా నాకే గుర్తు లేదు.

"ఉందిలే," అన్నాను. "అన్నం తర్వాత తిందాం గానీ, ఇంకో బుట్ట ఇట్టా జరుపు."