నీళ్ళు ఇటు, ఎండ అటు

ఆ వీధిలో పుట్టినవాళ్ళకీ, అద్దెకొచ్చినవాళ్ళకీ, ఆఖరికి ఉత్తరాలు పంచే మనిషికీ ఆవిడ పిన్నే. ఇస్త్రీ పిన్ని. ముక్కుమీద కోపం, చేతిలో బొగ్గుల ఇస్త్రీపెట్టె. ఆ రెండింట్లో ఏది ఎక్కువ వేడో చెప్పడం కష్టం.

పెద్ద రోడ్డు కథ అడిగితే మాత్రం పెట్టె పక్కన పెట్టి మరీ చెబుతుంది. రేవు దగ్గర మొదలై, రైలు పట్టాల పక్కన బుద్ధిగా నడిచి, నూలు మిల్లు దాటి, తిన్నగా గుర్రప్పందేల మైదానంలోంచి పోవాల్సిన రోడ్డది. మొదట గీసిన గీత అలాగే ఉండేదట. తీరా మైదానం గోడ దగ్గరికి రాగానే దానికెక్కడలేని మర్యాదా పుట్టుకొచ్చింది. పక్కకి ఒరిగి, వంగి, వీళ్ళ వీధిని నడిమికి తెంపేసి, అవతల మళ్ళీ ఏమీ ఎరగనట్టు తిన్నగా అయింది.

"గుర్రాలకి నిద్ర చెడుతుందని మా నిద్ర చెడగొట్టారమ్మా! మనుషులుగా పుట్టడమే మా తప్పయింది" అంటుంది పిన్ని.

అప్పటికామె చిన్నపిల్ల. వాళ్ళకి ఆ వీధిలో రెండు గదులుండేవి. ఈ చివర కుళాయి ఉన్న గది, ఆ చివర మేడ మీద గది. అమ్మ ఇక్కడ ఉతికేది, తోపుడుబండి మీద తీసుకెళ్ళి అక్కడ ఆరేసి ఇస్త్రీ చేసేది. పెద్ద రోడ్డు కోసం మధ్యలో ఇళ్ళెత్తు మట్టిగట్టు పోసేసరికి కుళాయి వైపంతా నీడపడింది. చేతిరుమాలు ఆరేస్తే మర్నాటికీ తడే. అటు వైపు ఎండ మండిపోతుంది గానీ మేడ మీదికి చుక్క నీరెక్కదు. నీళ్ళు ఇటు, ఎండ అటు, మధ్యలో రోడ్డు. ఇక బతికేదెలా?

గట్టు పూర్తిగా మూసుకుపోయే రోజున అమ్మ తడిబట్టల మూట తెచ్చి మట్టి తోసే యంత్రం ముందు పడేసి, దానిమీద కూర్చుంది. "ముందు నా బండి పోయే దారి చూపించండి. తర్వాత మీ రోడ్డు ఎక్కడికైనా వేసుకోండి" అంది. ఆమెని చూసి వీధి వీధంతా వచ్చి కూర్చుంది. పైవాళ్ళు బతిమాలారు, బెదిరించారు, చివరికి దిగొచ్చి గట్టు కింద ఒక సందు వదిలారు. తోపుడుబండి పట్టేంత వదులుతామంటే, ఎదురొచ్చే బండి నెత్తిమీంచి పోతుందా అని పోట్లాడి రెండు బళ్ళు పట్టేంత వదిలించింది అమ్మ.

అమ్మ పోయాక ఉతకడం అక్క వంతైంది, ఇస్త్రీ పిన్ని వంతైంది. పైన రోడ్డు వెడల్పైనప్పుడల్లా కింద సందు పొడుగైంది, చీకటైంది. అయినా రోజూ అక్క ఇటునుంచి తడిమూటల బండి తోసుకొచ్చేది, పిన్ని అటునుంచి ఎదురెళ్ళి అందుకునేది. ఇద్దరూ మంచీచెడ్డా చెప్పుకునేది ఆ సందులోనే. అక్కకి మోకాళ్ళు అరిగిపోయాయి. మేడ మెట్లెక్కలేదు.

మొన్నీమధ్య రోడ్డుకి కొత్త ర్యాంపు కట్టారు. కట్టుకోనీ, పిన్నికేం? కానీ ఒక పొద్దున సందుకి రెండు రెక్కల ఇనుప గేటు, దానికో తాళం.

"ర్యాంపు కింద మనుషులు తిరక్కూడదమ్మా. భద్రత కోసం" అన్నాడు ర్యాంపు పనుల సూపర్‌వైజరు.

"మరి బట్టలు?"

"చుట్టూ తిరిగి వంతెన మీంచి తీసుకెళ్ళండి."

"తడిమూటలేసుకుని? మా అక్క మోకాళ్ళు నువ్విస్తావా అరువు?"

పిన్ని కాళ్ళరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఒకరు రేపన్నారు, ఒకరు పైవాళ్ళన్నారు. అక్క ఫోన్లో ఏడ్చింది. "ఇక చాల్లేవే. పని మానేద్దాం. నేనిక్కడ, నువ్వక్కడ. ఎన్నాళ్ళని పోట్లాడతావు?"

"అమ్మ కూర్చుని తెచ్చిన దారి అది. నువ్వు లేచి వెళ్ళిపోతానంటే ఊరుకుంటానా?" అని పిన్ని ఫోను పెట్టేసింది.

సరిగ్గా అప్పుడే జరిగిందా తమాషా. ర్యాంపు ప్రారంభానికి విందు ఏర్పాటు చేసిన హోటలు వాళ్ళు, ఎప్పటిలాగే, తెల్ల బల్లగుడ్డలన్నీ అక్క గదిలో పడేసి పోయారు. రేపు సభ అనగా హోటలు మేనేజరు పిన్ని మేడ ఎక్కాడు.

"గుడ్డలేవి పిన్నిగారూ?"

"అటున్నాయి. తడిగా."

"అయ్యో! కారు పంపిస్తా."

"మా బట్టలు కార్లెక్కవు బాబూ. సందులోంచే వస్తాయి."

అతను పరుగున అక్క దగ్గరికెళ్ళాడు. జన్మలో ఎవరికీ కాదని చెప్పని అక్క, మూటల మీద కూర్చుని, "చెల్లి చెప్పందే ఒక్క గుడ్డ కదలదు" అంది! పిన్ని ఇప్పటికీ ఆ మాట తలచుకుని పొంగిపోతుంది.

మేనేజరు సూపర్‌వైజరుకి ఫోన్ చేశాడు, సూపర్‌వైజరు పైవాళ్ళకి చేశాడు. మధ్యాహ్నానికల్లా తాళం తీశారు. ఈ ఒక్కసారికేనట. అక్క ఇటునుంచి బండి తోసుకొచ్చింది. బండి సరిగ్గా గేటు రెక్క ఒకటి మూసుకునే దారిలోకి రాగానే పిన్ని "ఆగక్కా" అంది. మూటలు దింపించింది. వంగి చక్రం శీల లాగేసి, చక్రం ఊడదీసి చంకన పెట్టుకుంది. బండి ఒక పక్కకి కూలబడింది.

"ఇదేంటమ్మా!" సూపర్‌వైజరు లబోదిబోమన్నాడు.

"బండి పాడైంది నాయనా. చూస్తున్నావుగా" అంది పిన్ని, చక్రం చంకనే ఉంచుకుని.

బల్లగుడ్డలు మాత్రం మల్లెపూవుల్లా ఇస్త్రీ చేసి చీకటి పడకముందే అప్పగించింది. పాపం, గుడ్డలేం చేశాయి? మర్నాడు పొద్దున్నే వీధిలో రెండు వైపులవాళ్ళూ వచ్చి బండి చుట్టూ కూర్చున్నారు. అక్క బండి మీదే కూర్చుంది. పైన పెద్దమనుషులు, కెమెరాలు. కింద ఆడవాళ్ళని ఈడ్చి రభస చేసే ధైర్యం ఎవరికుంది? ర్యాంపు తెరుచుకుంది. గేటు మూసుకోలేదు.

ఆ తర్వాత మూయడానికి వచ్చినప్పుడల్లా వీధి వచ్చి కూర్చుంది. కొత్త బండి పాత బండి పక్కనుంచి దర్జాగా పోతోంది. అమ్మ పోట్లాడి తెచ్చిన ఆ రెండో బండి చోటు ఇన్నేళ్ళకి అక్కరకొచ్చింది. అక్కాచెల్లెళ్ళు మళ్ళీ సందులోనే కబుర్లు చెప్పుకుంటున్నారు.

సూపర్‌వైజరు కూడా ఇప్పుడు చొక్కాలు పిన్నికే ఇస్తున్నాడు. మొన్న వచ్చి, నసుగుతూ అడిగాడు.

"పైవాళ్ళు అడుగుతున్నారు పిన్నీ. ఆ బండి ఎప్పుడు తీస్తావని."

పిన్ని అతని చొక్కా కాలరు మీద పెట్టె ఆనించి గట్టిగా నొక్కింది.

"మీ రోడ్డు ఎప్పుడు తీస్తే అప్పుడని చెప్పు."