నలభై ఏడో పేజీ

ఆ ఆదివారం ఉదయం తొమ్మిదింటికి, పలాసలో మా బావ పనిచేసే జీడి ఫ్యాక్టరీ పీలింగ్ షెడ్డులో ఉన్నవాళ్లు నలుగురు. మా అత్త: ముప్పై ఏళ్లుగా జీడిపప్పు మీది ఎర్రపొర తీస్తున్న మనిషి. ఆవిడ కొడుకు, నా బావ: అక్కడే సూపర్‌వైజరు. మాస్టారు: సోంపేట దగ్గర హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరయినాయన. నేను: ఎలక్ట్రానిక్సు డిప్లొమా. వస్తువులు: టబ్బులో గోరువెచ్చని నీళ్లు, అత్త పీలింగ్ కత్తి, ఉతికిన తెల్లగుడ్డ, నా నోటుబుక్కు, ఇంగ్లండులో అచ్చయిన ఒక హై-ఫై మాసపత్రిక పాత సంచిక. గాలి తగలకూడదని ఫ్యాన్లు ఆపేశాం.

పత్రిక చెక్కముక్కలా గట్టిపడి ఉంది. ఒక్క పేజీ కూడా తెరుచుకోవడం లేదు. దాన్నలా చేసింది నేనే.

మాకు కావలసింది అందులో నలభై ఏడో పేజీ. ఇంట్లో కట్టుకోగల స్పీకర్ల గురించి ఆ పత్రిక రెండు భాగాల వ్యాసం వేసింది. మొదటి భాగం మాస్టారి దగ్గర ఎప్పటినుంచో ఉంది. దాన్నిబట్టి ఆయన పనసచెక్కతో రెండు పెట్టెలు చేయించారు. లోపల బిగించే పెద్ద, చిన్న స్పీకరు యూనిట్లు కూడా కొని దాచారు. పాటలోని కింది స్వరాలను పెద్ద యూనిటుకీ, పై స్వరాలను చిన్న యూనిటుకీ పంచే సర్క్యూటు మాత్రం రెండో భాగంలో ఉంది. పంపకం ఎక్కడన్నది మొదటి భాగంలోనే చెప్పారు: 3,500 హెర్ట్జ్. సర్క్యూటులో మొత్తం ఐదు విడిభాగాలు, ఐదు విలువలు. సూత్రంతో నేనే లెక్కగట్టి ఒకటి చేశాను. రేకు మీద మేకుతో గీసినట్టు మోగింది.

ఆ సంచిక కోసం ఎందుకంత తొందరో కూడా చెప్పాలి. మాస్టారికి వినికిడి తగ్గుతోంది, పై స్వరాల వైపు నుంచి. శ్రీకాకుళంలో డాక్టరు, ఇది ఆగినా ఆగొచ్చు గానీ వెనక్కి రాదన్నారు. నెలకోసారి నేను ఫోన్లో సన్నని స్వరం పెట్టి దాని శ్రుతిని హెర్ట్జ్ లెక్కన పెంచుకుంటూ పోతాను. వినబడినంత సేపు ఆయన వేలెత్తి ఉంచుతారు, ఆగగానే దించుతారు. ఎడమ చెవి లెక్క నా నోటుబుక్కులో ఇలా ఉంది: 5,200. 4,700. 4,300. అది 3,500 దాటి కిందికి వస్తే, ఆ చెవికి చిన్న యూనిటు ఉన్నా లేనట్టే. ఆ మాట ఇద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు.

ఈ పత్రికల పిచ్చి నాకు ఆయన దగ్గరే అంటింది. ఆయనింట్లో డెబ్బై మూడు సంచికలున్నాయి. ఒకటి తీస్తే ముందు వాసన చూస్తారు, తర్వాత ఉత్తరాల పేజీ చదువుతారు. ఒక యాంప్లిఫయరు గొంతు తేనెలా ఉందని ఎవరో దొర రాస్తే, "తేనెకి గొంతేట్రా, ముందు గ్రాఫు సూడు" అని నవ్వి, గీత మీద వేలు పెట్టి చివరిదాకా నడిపిస్తారు. బావకి ఇంగ్లీషు పెద్దగా రాదు. మూత తీసిన పెట్టెల లోపలి ఫొటోల కోసం వస్తాడు. "ఈ సోల్డరింగ్ సూడు బావా, ముత్యాలే" అంటాడు.

మా దగ్గర లేని సంచికల కోసం మాకొక తిరుగుడు ఉండేది. పలాస స్టేషన్ పుస్తకాల కొట్టు, సోంపేటలో మూతపడిన రేడియో షాపు, కోటబొమ్మాళి సంత, టెక్కలిలో పాత పేపర్ల కొట్లు మూడు. నెట్లో ఆ వ్యాసం వచ్చిన ఏడాది స్కాన్లు పదకొండు దొరికాయి. లేని ఒక్క నెలా మాకు కావలసిందే.

చివరికి టెక్కలి రెండో కొట్టులో దొరికింది. ఓడల మీద రేడియో ఆఫీసరుగా చేసి నౌపడలో స్థిరపడిన ఒకాయన పోయాక, ఆ ఇంటివాళ్లు అమ్మేసిన కట్టలో ఉంది. కవరు మీద నెల మాత్రం చూశాను. లోపల చూడలేదు. మాస్టారి ముందే తెరవాలనుకుని, సంచిలో పెట్టి బండెక్కాను. పలాస ఇంకా పది కిలోమీటర్లుందనగా వాన కొట్టింది. సంచి జిప్పు సగమే పడింది.

అప్పుడు చేశాను ఆ పని. జీడిపప్పును వేడిగదిలో ఆరబెడితే మీది పొర వదులవుతుంది, వేలితో నలిపితే ఊడివస్తుంది. పలాసలో పెరిగిన ఎవరికైనా ఇది తెలుసు. తడిసిన పేజీలకీ అదే సూత్రమనుకున్నాను. బావ సరేనన్నాడు. పప్పు ట్రేల మధ్య పత్రికను పెట్టాం. డెబ్బై డిగ్రీలు, ఆరు గంటలు. నునుపు కాగితం మీద పూత ఉంటుందనీ, తడిగా ఉండగానే పేజీలు విడదీయాలనీ, కలిపి ఆరబెడితే పూతకి పూత అతుక్కుపోతుందనీ నేను చదివింది ఏడో గంటలో.

మాస్టారు తిట్టలేదు. పత్రికను అటూ ఇటూ తిప్పి చూసి, "మీ అత్తని అడుగు" అన్నారు.

అలా ఆ ఆదివారం షెడ్డులో, అత్త దాన్ని నీళ్లలో పావుగంట ఉంచి, గుడ్డ మీద పరిచింది. అంచు గోటితో తడిమింది.

"ఇంత సదివినోడివి, కాయితాన్ని పప్పులా కాల్సీసినావేట్రా?"

"కాల్చలేదత్తా, ఆరబెట్టాను."

"అదే మరి. ఏ పేజీ కావాలో అది సెప్పు. అన్నీ నా వల్ల కాదు."

మందాన్ని స్కేలుతో కొలిచి, నలభై ఏడు ఎంత లోతులో ఉండాలో లెక్కగట్టి పెన్సిలుతో గుర్తు పెట్టాను. ఆవిడ నా గుర్తు మీద ఆగలేదు, దాని దగ్గర్లో పొర వదులైన చోటు గోటితో పట్టుకుంది. మొద్దు అంచు వైపు తిప్పిన కత్తిని మూలలోంచి దూర్చి, అర అంగుళం పోయి ఆగింది. మళ్లీ నీటిచుక్క. మళ్లీ అర అంగుళం. నేను వంగి చూస్తున్నాను.

"నీ ఊపిరి నా సెయ్యి మీద పడతంది. అవతలికెల్లు."

"అమ్మా, గుండుగా వస్తాదా?" అన్నాడు బావ. గుండంటే విరగని పప్పు.

"గుండు ఆశ వదులుకో. బద్దగానైనా వస్తే దణ్ణం ఎట్టుకో."

మాస్టారు బెంచీ మీద కళ్లు మూసుకుని కూర్చున్నారు. కత్తి చప్పుడు ఆయనకి వినబడుతోందా అని నాకు అనుమానం వచ్చింది.

నలభై నిమిషాలకి పేజీ లేచింది. సర్క్యూటు బొమ్మ కనబడగానే బావ నా భుజం పట్టుకుని నొక్కాడు. నేను విలువలు పైకి చదువుతూ రాసుకున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదోది, చిన్న యూనిటు ఎంత గట్టిగా మోగాలో నిర్ణయించే రెసిస్టరు. అది ఉండాల్సినచోట రూపాయి బిళ్లంత తెల్లమచ్చ ఉంది. ఆ అచ్చు ఎదురు పేజీలో లేదు, కత్తి మీదా లేదు.

"ఎక్కడికి పోయింది?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"పొడైపోనాది బాబూ," అంది అత్త.

తర్వాతి ఆదివారం సోంపేటలో, మాస్టారి ఇంట్లో స్పీకర్లు బిగించాం. రెసిస్టర్లు నాలుగు రకాలు తెచ్చాను: 2.2, 3.3, 4.7, 6.8 ఓములు. విలువ తగ్గేకొద్దీ చిన్న యూనిటు గట్టిగా మోగుతుంది. ఒకే వీణ రికార్డింగును ఒక్కోదానితో వినిపించాను. నాకూ బావకీ 4.7 సరిగ్గా ఉంది. పత్రికలో ఉన్నది కూడా అదే అయ్యుంటుందని ఇప్పటికీ నా నమ్మకం.

2.2 పెట్టినప్పుడు బావ మొహం చిట్లించాడు. "సెవిలో సూది దింపినట్టుంది, తీసీ బావా."

మాస్టారు చెయ్యెత్తి ఆపారు. రెండు స్పీకర్ల మధ్య కుర్చీని ముందుకు లాక్కున్నారు. "ఇదుగో, ఇప్పుడు తీగ మీద గోరు వినబడుతోంది," అన్నారు.

2.2 సోల్డరు చేసేశాను. బావ ఒకసారి నా వైపు చూసి, తీగ పట్టుకున్నాడు.

బయల్దేరే ముందు నెలవారీ పరీక్ష చేశాను. కుడి చెవి 5,900. ఎడమ చెవి 4,300 నుంచి 3,900.